ఎరగా సాళువ డేగ

రాయచెర్లు గుట్ట మీద హొన్నూరప్ప బోర్లా పడుకుని మూడు గంటలైంది. ఒంటి మీద మట్టిరంగు వల, కంటి ముందు పాత కెమెరా, నడుముకు వక్కాకు సంచి. కింద కనుచూపు మేర సోలార్ ప్యానెళ్ళు. పైన ఒక పాముల గద్ద గాలిలో నిలబడి నేలను వెతుకుతోంది.

ఊరి దృష్టిలో ఆయన రిటైరైన డ్రాయింగ్ మేష్టరు, గద్దల పిచ్చోడు. ప్రభుత్వంలో ఓ అయిదారుగురికి మాత్రం ఆయన ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న గూఢచారి అని తెలుసు. గద్దల కోసం గుట్టలెక్కేవాడు ఏ మూల ఎంతసేపు పడుకున్నా ఎవరూ ఎందుకని అడగరు. అంతకంటే మంచి వేషం ఆ విభాగంలో ఇంకెవరికీ దొరకలేదు.

వెనుక చిన్న రాయి దొర్లింది. హొన్నూరప్ప టక్కున లెన్సుకు మూత పెట్టేశాడు. బయటివాళ్ళ ముందు ఆయన లెన్సు తెరవడు. తల తిప్పకుండానే అడిగాడు.

"పిల్లిగద్దలు ఎప్పుడొచ్చినాయప్పా?"

"కార్తీకంలో వచ్చినాయి. శివరాత్రికి పోతాయి."

కోడ్ సరిపోయింది. మనవాడే. హొన్నూరప్ప మళ్ళీ మూత తీసి కెమెరాకు కన్ను ఆనించాడు. సర్వీసు మొత్తంలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. ఎడమ చేతి మీద సూది గుచ్చుకున్నట్టయింది. ప్రాణం పోవడానికి నలభై నిమిషాలు పట్టింది. వచ్చినవాడు ఆ నలభై నిమిషాలూ పక్కనే కూర్చుని చూశాడు.

చేతి మీద పక్కపక్కనే రెండు గాట్లు. రక్తపింజర కాటు, ప్రాణం పోవడానికి నలభై నిమిషాలు అని డాక్టరు రాశాడు. జీవితమంతా పాముల గద్దను ఫోటో తీసినోడు పాము కాటుకే పోయినాడని ఊరంతా రెండు రోజులు చెప్పుకుంది.

* * *

బెంగళూరులో ఆ విభాగానికి బోర్డు లేదు. పాత గోడౌన్ మీద ఒక అంతస్తు, ఒక లిఫ్టు, ఒక చీఫ్. చీఫ్ పేరు హనుమంతరాయప్ప. ఎదుటి కుర్చీలో సుధామణి కూర్చుంది. హొన్నూరప్ప ఆమెకు మేనమామ. తల్లి పోయాక పెంచింది ఆయనే, చేతికి బైనాక్యులర్స్ ఇచ్చింది ఆయనే, ఈ ఉద్యోగంలో పెట్టిందీ ఆయనే. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, పన్నెండు రోజులైనా అది పోలేదు.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ మూడు నిమిషాలు దాటదు. ఒక విదేశీ ముఠా. వాళ్ళ ఆపరేషన్ పేరు గ్రహణం. టార్గెట్ పావగడ సోలార్ పార్కు. ఎండ నడినెత్తిన ఉండి కరెంటు పూర్తిగా ఉత్పత్తి అయ్యే సమయంలో పార్కు మొత్తాన్ని ఒక్క దెబ్బకు ఆపేస్తారు. ఆ కుదుపుకు దక్షిణాది గ్రిడ్ కూలిపోవాలి. రైళ్ళు ఆగాలి, ఆపరేషన్ థియేటర్లు చీకటి కావాలి. ఆ గందరగోళంలో వాళ్ళు ఇంకేం చేస్తారన్నది తర్వాతి ప్రశ్న.

"ముఠా లోపల మనవాడు ఒకడున్నాడు," అని చీఫ్ ఒక ఫోటో జరిపాడు. "యశ్."

సుధామణికి ఆ ముఖం తెలుసు. గద్దల ఫోటోలు తీసేవాళ్ళందరికీ తెలుసు. సినిమా హీరో లాంటి గడ్డం, నల్ల కళ్ళద్దాలు, భుజం మీద ఫిరంగి సైజు తెల్ల లెన్సు. సోషల్ మీడియాలో ఆరు లక్షల మంది ఫాలోయర్లు, సగం మంది గద్దల కోసం, సగం మంది గడ్డం కోసం. ముఠా అతన్ని తమవాడనుకుంటోందనీ, అతను రెండేళ్ళుగా విభాగానికి సమాచారం ఇస్తున్నాడనీ చీఫ్ చెప్పాడు. యశ్ తాజా కబురు ప్రకారం ఇరవై ఐదో తేదీ సాయంత్రం నాలుగింటికి వల్లూరు దగ్గర సబ్‌స్టేషన్ మీద దాడి.

"మామ ఆ గుట్ట మీద ఉంటాడని ఎవరెవరికి తెలుసు సార్?"

"నాకు. యశ్‌కు."

"కోడ్?"

"అదీ మా ముగ్గురికే."

శవం దగ్గర లెన్సు మూత తీసి ఉందని ఆమె చెప్పింది. తెలియనివాడు వస్తే మామ మూత తీయడని చెప్పింది. మూత సాక్ష్యం కాదన్నాడు హనుమంతరాయప్ప. నిజంగా యశ్ అయితే ముఠా పేర్లన్నీ అతని నోట్లోనే ఉంటాయి కాబట్టి ప్రాణాలతో కావాలన్నాడు.

సుధామణి సరేనంది. మనసులో మాత్రం సరే అనుకోలేదు.

* * *

తిరుమణిలో హొన్నూరప్ప భార్య గుండమ్మ ఏడ్చి ముగించి పనికి పోతోంది. పొలం సోలార్ వాళ్ళకిచ్చాక ఆమె ఆ పొలంలోనే ప్యానెళ్ళు తుడుస్తోంది. వేరుశనక్కాయలు పీకిన చోట మాపు కర్ర పట్టుకుని ఎనిమిదిమంది ఆడవాళ్ళకు మేస్త్రీగా తిరుగుతుంది. మేనకోడలు రాగానే మొగుడి వక్కాకు సంచి తెచ్చి ఒళ్ళో వేసింది.

"నిండిపోయిన కార్డు ఈ సంచిలోనే ఏస్తాండె మీ మామ. పోలీసోళ్ళు కెమెరా చూసినారు, వక్కలు ఎవురు చూస్తారు?"

ఎండిన తమలపాకుల మధ్య మెమొరీ కార్డు ఉంది. లాప్‌టాప్‌లో చివరి ఫోటో తెరిచారు. గద్ద నోట్లో వేలాడుతున్న పాము, ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. గద్ద కాళ్ళ కింద, చాలా దూరంలో, ప్యానెళ్ళ వరస. ఒక నీళ్ళ ట్యాంకరు. మాపు కర్రలతో ఇద్దరు మనుషులు. పక్కన బియ్యపు గింజంత తెల్ల చుక్క. జూమ్ చేస్తే అది మూడోవాడి భుజం మీది తెల్ల లెన్సు.

సుధామణి చూపు లెన్సు మీద ఆగింది. గుండమ్మ చూపు మాపుల మీద ఆగింది.

"ఇది ఎన్ని గంటలకు తీసినాడు పాపా?"

"పన్నెండూ పదికి అత్తా."

"అట్లయితే వీళ్ళు మావాళ్ళు కాదు. మేము పొద్దున్నే నాలుగ్గంటలు తుడుస్తాము, మళ్ళా పొద్దు వాలినాకనే. మిట్టమద్యాన్నం కాగిన అద్దం మీద నీళ్ళు పడితే పగుల్తాది. ఈడ ఏ పిచ్చోడూ ఆ పని చెయ్యడు."

ముఠా వాళ్ళు ప్యానెళ్ళ గురించి అన్నీ చదువుకుని వచ్చారు. యూనిఫాం సంపాదించారు, ట్యాంకరు సంపాదించారు. పాపం, తుడిచే ఆడవాళ్ళను ఒక్క మాట అడగలేదు.

మర్నాడు పొద్దున్నే గుండమ్మ బృందం మామూలుగా తుడవడానికి పోయి, ఫోటోలో ఉన్న వరస కింద చేతులు పెట్టి తడిమింది. సబ్బు పెట్టెంత నల్ల డబ్బా ఒకటి దొరికింది. విభాగం టెక్నీషియన్ శివరాజు దాన్ని అక్కడే, తీగ కదపకుండా ఎక్స్‌రే తీసి, లోపలి చిప్‌లోని ప్రోగ్రాం చదివాడు. అలాంటివి పార్కులో నలభై దాకా ఉండాలన్నాడు. పదమూడు వేల ఎకరాల్లో వాటిని వెతకడానికి నెల కావాలి. వాళ్ళకున్నది రెండు రోజులు.

శివరాజు చెప్పింది ఇది. డబ్బాల్లో గడియారముంది. ఇరవై ఐదు మధ్యాహ్నం పన్నెండూ పది తర్వాత రేడియో సిగ్నల్ వస్తే పార్కు ఆగిపోతుంది. ఆ రోజు పన్నెండున్నర దాకా ఏ సిగ్నలూ రాకపోతే వాటంతటవే పని కానిస్తాయి. అందువల్ల మనిషిని ముందే పట్టేసి లాభం లేదు. ఒకే ఒక్క సందు ఉంది. పన్నెండూ పదికి ముందే సిగ్నల్ వస్తే, ఎవరో దొంగచేతులు పెట్టారనుకుని నలభై డబ్బాలూ లోపల తమను తామే కాల్చుకుంటాయి.

సాయంత్రం నాలుగు గంటల దాడి కబురు అబద్ధమని తేలిపోయింది. చీఫ్ ఆ అబద్ధాన్ని నమ్మినట్టే నటించి కమాండోలను వల్లూరు వైపు పంపాడు.

* * *

ఇరవై మూడున యశ్ వచ్చాడు. జీపు దిగగానే సుధామణి చేతులు పట్టుకుని, మీ అంకుల్ లెజెండ్ మేడమ్, ఐ యామ్ సో సారీ అన్నాడు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు కూడా. చేతులు విడిపించుకుని పక్కనున్న బండరాయితో ముఖం పగలగొట్టాలని ఆమెకు గట్టిగా అనిపించింది. థాంక్స్ చెప్పింది.

ఇరవై ఐదున దాడి జరిగేదాకా కవర్ కోసం ఇద్దరూ కలిసి ఫోటోలు తీద్దామని అతనే ప్లాన్ చెప్పాడు. ఆమెకు అర్థమైంది. గ్రహణం పట్టే క్షణంలో ప్రభుత్వ ఏజెంటే పక్కన కూర్చుని ఉంటే, తాను ఏమీ చేయలేదనడానికి అంతకంటే సాక్షి ఎవరు కావాలి?

మొదటి రోజు అతను పద్నాలుగు వందల ఫోటోలు తీశాడు. తెల్లకళ్ళ గద్దను తీశాడు, తొండల డేగను తీశాడు, ఏదీ దొరకనప్పుడు కాకిని తీశాడు. ఒక్క విషయం ఒప్పుకోవాలి. పనిమంతుడు. గద్ద రెక్క కదిపేలోపే అతని వేలు కదిలేది.

రెండో రోజు కొత్త కెమెరా పట్టుకొచ్చాడు, అదే తెల్ల లెన్సు బిగించి. నెత్తి మీదుగా పిల్లిగద్ద ఒకటి చేతికందేంత ఎత్తులో పోయింది. యశ్ తల ఎత్తి చూశాడు, వేలు మాత్రం కదపలేదు. సాయంత్రం దాకా ఒక్క ఫోటో తీయలేదు. లైట్ బాలేదన్నాడు. ఫిబ్రవరి పావగడలో లైట్ బాలేదన్నవాడిని సుధామణి అంతవరకు చూడలేదు.

ఇరవై ఐదు ఉదయం లాడ్జిలో ఏసీ రిపేరుకు ఒక మెకానిక్ వచ్చాడు. యశ్ గడ్డం దిద్దుకుంటూ బాత్రూంలో ఇరవై నిమిషాలు గడిపాడు. ఆ ఇరవై నిమిషాల్లో మెకానిక్ వేషంలో ఉన్న శివరాజు కొత్త కెమెరాను పరీక్ష చేసి, యశ్ పాత కెమెరా బ్యాటరీ తీసి జేబులో వేసుకుని, మెట్ల దగ్గర సుధామణికి రిపోర్టిచ్చాడు. ట్రిగ్గర్ షటర్ బటనే. అతని కన్ను వ్యూఫైండర్‌కు ఆని, అతని వేలు రెండు సెకన్లు బటన్ నొక్కి ఉంచితేనే సిగ్నల్ పోతుంది. మెడ మీద కత్తి పెట్టి నొక్కించలేం, కన్ను మూసుకుంటే అంతే సంగతులు. అతనంతట అతనే, ఇష్టంగా, పన్నెండూ పదికి ముందు నొక్కాలి.

"ఎందుకు నొక్కుతాడు మేడమ్?" అన్నాడు శివరాజు నీరసంగా.

ఇంకో వస్తువు కూడా చూపించాడు. లెన్సు తుడిచే పెన్ను. మూత తిప్పితే రెండు సూదులు, లోపల పసుపురంగు విషం. సుధామణి దాన్ని తీసుకుని తిప్పి తిప్పి చూసింది. మామ చేతి మీద గాట్ల మధ్య దూరం ఆమె కొలిచి పెట్టుకుంది. సరిగ్గా అంతే.

విషం తీసేసి సెలైన్ నింపమంటారా అని శివరాజు అడిగాడు. ఆమె బాత్రూం వైపు చెవి పెట్టింది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగబోతోంది.

"రెండు నిమిషాలు నా దగ్గర ఉంచు," అంది. "నువ్వు కిందికి పో."

* * *

హొన్నూరప్ప నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉంది. "తిరుమణి వైపు నాలుగో కరెంటు టవరు. సాళువ డేగల జంట, గూట్లో మూడు పిల్లలు. పాముల గద్ద రోజూ పన్నెండు, పన్నెండూ పది మధ్య వేడిగాలి పట్టుకుని టవరు పక్కనుంచి లేస్తుంది. మగ డేగ పైనుంచి దిగి దాన్ని తరుముతుంది. నేను గుర్తేసుకున్న పదో నంబరు బండ మీదినుంచి చూస్తే ముప్పై అడుగులు. ఎవరికీ చెప్పరాదు."

గద్దలవాళ్ళకు కొన్ని కట్టుబాట్లున్నాయి. గూడు ఎక్కడుందో చెప్పకూడదు. ఎర కట్టి పక్షిని పిలవకూడదు. మామ రెండూ ప్రాణంగా పాటించాడు. ఆయన పేరు చెప్పుకుని సుధామణి ఆ రోజు రెండూ తప్పింది. గూడు దగ్గరికి శత్రువును తీసుకుపోయింది. పక్షికి ఎర పెట్టలేదు, మనిషికే పక్షిని ఎర పెట్టింది.

పదకొండు ముప్పావుకు ఇద్దరూ పదో నంబరు బండ మీద కూర్చున్నారు. యశ్ ఒళ్ళో తెల్ల లెన్సు. సుధామణి మెడలో మామ పాత కెమెరా, చున్నీ కింద పిస్టల్. వచ్చిన కొంచెంసేపటికే తన పాత కెమెరా ఆన్ కావడం లేదని యశ్ విసుక్కున్నాడు.

పన్నెండైంది. ఆకాశం ఖాళీ. ప్యానెళ్ళ మీదినుంచి వేడి ఆవిరిలా వణుకుతోంది. యశ్ రెండుసార్లు గడియారం చూసుకుని, నవ్వుతూ ఎల్లోరా గుహల్లో తాను తీసిన ఫోటో సంగతేదో చెప్పాడు. ఆమె ఊ కొట్టింది. పన్నెండూ ఐదు. గద్ద జాడ లేదు. రోజూ వచ్చేది ఈ రోజే ఎటు పోయింది? పన్నెండూ ఏడు. పదికి ఇతన్ని కాల్చేయాలి, తర్వాత పన్నెండున్నరకు జరిగేది ఎలాగూ జరుగుతుంది. కనీసం మామ పగ మిగలదు. ఆ ఆలోచన ఆమెకు భయం వేసేంత హాయిగా ఉంది.

పన్నెండూ తొమ్మిది. యశ్ బటన్ మీద వేలు సర్దుకుని, తల వంచి గడియారం కేసి చూస్తున్నాడు.

టవరు పక్కనుంచి పాముల గద్ద లేచింది.

మొదట నీడ వచ్చింది, తర్వాత రెక్కలు వచ్చాయి, అంత దగ్గరగా. పైన టవరు కొమ్మ మీది గోధుమరంగు ముద్ద ఒకటి విడివడి రాయిలా కిందికి జారింది. సాళువ డేగ. రెక్కలు ముడుచుకుని, గోళ్ళు చాపి, నేరుగా గద్ద వీపు మీదికి. గద్ద గాలిలోనే వెల్లకిలా తిరిగి కాళ్ళు ఎత్తింది. ఆ కాళ్ళూ ఈ గోళ్ళూ ముప్పై అడుగుల దూరంలో, మధ్యాహ్నపు వెలుతురులో ఒకదానికొకటి తగిలాయి.

ఇరవై ఏళ్ళు గద్దల వెంట తిరిగినవాడికి అలాంటి క్షణం ఒక్కటే దొరుకుతుంది, చాలామందికి అదీ దొరకదు. డేగ దిగేటప్పుడు ఫోటో తీసేవాడి వేలు వాడి మాట వినదు పాపా అని హొన్నూరప్ప అంటూ ఉండేవాడు. యశ్ కన్ను వ్యూఫైండర్‌కు ఆనింది. వేలు దిగింది. టకటకటకటక మని షటర్ మోగింది.

ఒక సెకను. రెండు. మూడు.

కెమెరా అంచున పచ్చదీపం ఎర్రగా మారి ఆరిపోయింది. సుధామణి చెవిలో శివరాజు గొంతు ఏడుపూ నవ్వూ కలిసినట్టు వినిపించింది. డబ్బా కాలిపోయింది మేడమ్, పొగ వస్తోంది, టైము పన్నెండూ తొమ్మిదీ యాభై రెండు.

యశ్ కెమెరా దించాడు. తానేం చేశాడో తెలిసిరావడానికి అతనికి ఇంకో రెండు సెకన్లు పట్టింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. చెయ్యి జేబులోకి పోయి పెన్నుతో బయటికి వచ్చింది. సుధామణి ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి తిప్పింది. రెండు సూదులూ అతని ఎడమ చేతిలోనే దిగాయి.

"మామకు నలభై నిమిషాలు పట్టింది," అందామె. "నువ్వు పక్కన కూర్చుని చూసుంటావు కదా. ఇప్పుడు నేను చూస్తా."

"హాస్పిటల్... ప్లీజ్, సుధామణీ. ప్లీజ్."

"అంబులెన్సు గుట్ట కిందనే ఉండాది. పేర్లు చెప్పు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క అడుగు దింపుతా."

యశ్ చెప్పాడు. బొంబాయిలో మనిషి పేరు, మంగళూరు రేవులో పడవ నంబరు, విదేశంలో పెద్దవాడి అసలు పేరు, గోడౌన్ల అడ్రసులు. హొన్నూరప్పను ఎవరు చంపమన్నారో, తాను ఎలా చంపాడో కూడా చెప్పాడు. చెవిలోని మైకు గుండా శివరాజు అంతా రికార్డు చేశాడు. నిజంగా విషమే అందులో ఉంచేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ పదిహేను నిమిషాలూ సుధామణి అనుకుంటూనే ఉంది. పొద్దున మెట్ల దగ్గర, నీళ్ళ చప్పుడు ఆగేలోపు, ఆమె ఆ విషాన్ని సింకులో పోసి, శివరాజు వదిలిన సెలైన్ నింపి, పెన్నును యశ్ గదిలో తిరిగి పెట్టిన మాట నిజం. ఎందుకు పోసిందో ఆమెకే సరిగ్గా తెలియదు. మామ అయితే పోసేవాడని మాత్రం తెలుసు.

గుట్ట దిగాక, అది ఉప్పునీళ్ళని అతనికి చెప్పింది. యశ్ మొదట నమ్మలేదు. నమ్మాక మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కింద నీళ్ళ ట్యాంకరును గుండమ్మ మనుషులు ఎనిమిదిమంది చుట్టుముట్టి ఉన్నారు. దొంగ యూనిఫాముల ఇద్దరూ మాపు కర్రల మధ్య నేల మీద కూర్చున్నారు. ఒకడి ముక్కు వాచి ఉంది. మిట్టమద్యాన్నం తుడుస్తాండ్రి, ఎట్ల తుడవాలో నేర్పించినాము అంది గుండమ్మ. తర్వాత ఆమె యశ్ ఎదుటికి వచ్చి నిలబడి అతన్ని పైనుంచి కిందికి చూసింది. కొట్టలేదు.

"ఆయప్ప చచ్చేటప్పుడు నీళ్ళు అడిగినాడా?"

యశ్ తల వంచుకున్నాడు. అడిగాడని అందరికీ అర్థమైంది. గుండమ్మ తిరిగి ట్యాంకరు కుళాయి తిప్పి, దోసిలితో నీళ్ళు పట్టి, గుట్ట వైపు నేల మీద పోసింది. అప్పుడు ఏడ్చింది సుధామణి, పదహారు రోజుల తర్వాత.

అతన్ని జీపు ఎక్కించే ముందు సుధామణి తెల్ల లెన్సు కెమెరా స్క్రీను వెలిగించి అతని ముఖం ముందు పెట్టింది. ముప్పై ఒక్క ఫోటోలు. అన్నింట్లోనూ టవరు తీగ స్పష్టంగా ఉంది, డేగ మసక. యశ్ కళ్ళు మూసుకున్నాడు. ఉరిశిక్ష పడినా ఆ ముఖం అంతకంటే మాడదు. ఈ ఫోటోలు మీ పెద్దాయనకు కూడా పంపుతామని, ఎందుకు ఆపరేషన్ పోయిందో ఆయనకు తెలియాలి కదా అని ఆమె నెమ్మదిగా చెప్పింది.

సాయంత్రం హనుమంతరాయప్ప ఫోను చేశాడు. మెచ్చుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, రిపోర్టులో ఒక్క చోటు అర్థం కాలేదన్నాడు.

"పన్నెండూ తొమ్మిదీ యాభైకి నీ చెయ్యి పిస్టల్ మీద ఉండాలి. శివరాజు రికార్డింగులో రెండు కెమెరాల చప్పుడు వినిపిస్తోంది. రెండోది ఎవరిది?"

సుధామణి ఒళ్ళో మామ పాత కెమెరా ఉంది. దాంట్లో ఒకే ఒక్క ఫోటో. డేగ గోళ్ళు, గద్ద కాళ్ళు, రెండింటి కళ్ళూ సూటిగా, స్పష్టంగా. ఫోను పక్కన పెట్టి అత్తకు చూపించింది.

గుండమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగనే ఉండాది," అంది. "మీ మామ అయితే ఇంకొంచెం దగ్గరికి పొయ్యుండు."